వలయాలు పోయాక

డిసెంబరు. రేవులో పెట్రోలు పంపు పిడికి
నా చేతి తొడుగు అంటుకుపోయిన పొద్దు.
ఓజార్కు కొండల మీద ఓకు చెట్లు
ఎండిన ఆకుల్ని వదలబుద్ధి కాక
పట్టుకుని గలగలలాడిస్తున్నాయి.
ఈ రోజుల్లో పడవ దించేవాళ్ళే తక్కువ.
దించినా, ముప్పై అడుగుల లోతుకి
సీసం కట్టిన ఎర జార్చి, థర్మాసు మూత తీసి
ముక్కుకి ఆవిరి పట్టుకుంటూ కూర్చుంటారు.

వెల్డా ప్రూయిట్ తేలే ఎర కట్టుకొచ్చింది.

దేవదారు చెక్క, బొటనవేలంత. తనే చెక్కింది.
గోళ్ళరంగుతో రంగేసింది:
వీపు బూడిద, పొట్ట ముత్యం,
ఒక కన్ను కాస్త పైకి పోయింది.
"దాన్ని క్రిస్మసు చెట్టుకి కట్టుకో వెల్డా,
బాస్ చేపలన్నీ కింద ముసుగు తన్ని పడుకున్నాయి"
అన్నాడు డెంజిల్, అద్దం మీద మంచు గీకుతూ.
ఆమె అతనికేం చెప్పలేదు. నా వైపు తిరిగి
"భుజం నొప్పి. మోటారు నువ్వు నడుపు" అంది.

వాగు కలిసే మూల, ఎండ మొదట తాకే రాతి ఒడ్డు.
నీటి మీద పొగ. పొగలో అక్కడక్కడా
చలికి చచ్చిపోతున్న షాడ్ పిల్లలు
పక్కకి ఒరిగి, ఒకసారి వణికి, ఊరుకుంటున్నాయి.
"చూశావా," అంది,
"ఇవాళ వడ్డన పైనే."

గాలపు కర్ర కంతల్లో తడి గడ్డకట్టింది.
కొన నీళ్ళలో ముంచి, కరిగించుకుని, విసిరింది.
చెంచా పాలల్లో పడ్డంత చప్పుడు.
వలయాలు పుట్టాయి. పెరిగాయి.
రాతిని తాకి, వెనక్కొచ్చి, ఒకదాన్నొకటి దాటుకుని
పోయాయి.
ఆమె కదల్లేదు.

ఆలస్యం అమృతం విషం అని ఎవరన్నారో గాని
వాళ్ళు చలికాలం నీటిలో గాలం వేసి ఉండరు.

ఆ కూర్చున్న తీరు నాకు తెలుసు.
పదకొండో నంబరు స్కూలు బస్సు.
మా సందు చివర, చీకట్లో, తలుపు తెరిచి,
లోపలి వెచ్చదనమంతా బయటికి పోతున్నా
వెనక సీట్లు గోల పెడుతున్నా
స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి
వెల్డా ప్రూయిట్.
అమ్మకి కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.
నన్ను లేపేవాళ్ళు లేరు. ఒక సాక్సు దొరికేది కాదు.
తెర సందులోంచి చూసేవాణ్ణి,
వెళ్ళిపోతుందేమో, వెళ్ళిపోతే బాగుణ్ణు, అని.
ఒక్కనాడూ హారన్ కొట్టలేదు.
హెడ్‌లైట్లు మాత్రం, ఒకేసారి,
ఆర్పి వెలిగించేది.
మళ్ళీ ఊరుకునేది.

చూపుడువేలు కదిలిందేమో, నాకు కనపడలేదు.
ఎర వణికింది, వెంట్రుకవాసి.
ఒక్క సన్నటి వలయం.
అదీ పోయింది.

వేసవిలో అయితే నీళ్ళు పగిలిపోతాయి,
ఎవరో బకెట్టు విసిరికొట్టినట్టు. గుండె నోట్లోకొస్తుంది.
ఇది అలా కాదు.
ఎర ఉన్న చోట ఎర లేదు.
పళ్ళెంలో మిగిలిన ఆఖరి బిస్కెట్టుని
చుట్టం పిల్ల చప్పుడు చెయ్యకుండా తీసుకున్నట్టు.

నాలుగు పౌన్లుంటుంది.
ఒళ్ళంతా చల్లటి బరువు, పెద్దగా కొట్లాడలేదు.
దవడ పట్టుకుని నీళ్ళలోనే నిలబెట్టింది
మొప్పలు తెరుచుకుని మూసుకునేదాకా.
అది ఇంకా తోక ఆడించక ముందే
నన్ను చూడకుండా అడిగింది:
"ఆ రెండో సాక్సు దొరికిందా, ఎప్పటికైనా?"

నేను జవాబు వెతుక్కుంటుండగా
చేప వెళ్ళిపోయింది.

కర్ర నా చేతికిచ్చింది. విసిరాను.
ఆఖరి వలయం ఇంకా రాతిని చేరకముందే
నా మణికట్టు ఆగలేక ఆడింది.
నీళ్ళు బద్దకంగా ఊగి, మూసుకున్నాయి.

"మళ్ళీ" అంది,
థర్మాసు మూతలో నాకూ కాస్త కాఫీ పోస్తూ.

కంతల్లో మంచు.
కొన నీళ్ళలో ముంచాను.